మబ్బులో దాచిన ఫైళ్ళు

ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు పదవ తరగతి విద్యార్థుల మార్కుల పట్టికను కంప్యూటరు మీద తయారుచేసి, దానిని 'క్లౌడు'లో దాచి, సాయంకాలము ఇంటికి పోయి తన సెల్‌ఫోనులో అదే పట్టికను తెరచి చూచుకొనును. ఈ పని నేడు ఎంత సామాన్యమైనదనగా, నడుమ ఆ పట్టిక ఎక్కడ ఉన్నదను ప్రశ్న ఎవరికిని తోచదు. పాఠశాలలోని యంత్రమును ఆపివేసినారు. ఆయన ఇంటికి ఏమియు మోసికొనిపోలేదు. అయినను పట్టిక ఎక్కడనో ఉన్నది. ఆ చోటు ఆకాశము కాదు. అది ఏదో యొక ఊరిలో గోడలును, పైకప్పును గల ఒక భవనము. దానిలో వరుసలుగా నిలిపిన ఇనుప చట్రములు, ఆ చట్రములలో వేలకొలది డిస్కులు, వాటిని చల్లబరచు యంత్రములు, విద్యుత్తు ఆగినపుడు ఆదుకొనుటకు బ్యాటరీలు ఉండును. ఆ భవనము ఉపాధ్యాయునిది కాదు, పాఠశాలదియు కాదు, వేరొకరిది.

'మబ్బు' అను పేరు కూడ ఈ మరపు నుండియే పుట్టినది. ఇంజనీర్లు టెలిఫోను తీగెల అల్లికలను, కంప్యూటరు అల్లికలను పటములుగా గీయునపుడు, లోపలి వివరము తమకు అక్కరలేని భాగమును మబ్బు ఆకారముగల గీతతో చుట్టి చూపెడివారు. 'ఇందులో ఏదో ఉన్నది, అది పనిచేయును, దాని సంగతి ఇప్పుడు మనకు వద్దు' అని ఆ గీతకు అర్థము. ఇంజనీరుకు అది సౌకర్యమే. కాని తన వ్రాతలన్నియు ఆ గీత లోపల ఉంచినవానికి దాని సంగతి వద్దనుకొనుట కుదరదు. పరుల యింట ఫైళ్ళను దాచుట వలన కలుగు లాభనష్టములను గురించి లోకమునకు ఇప్పటికి అరువదేండ్లకు పైబడిన అనుభవము కలదు. ఆ చరిత్రను పరికించినచో లాభమునకును నష్టమునకును మూలము ఒక్కటే అని కనబడును.

కంప్యూటరులో వ్రాతలను దాచుట మొదట మిక్కిలి ఖరీదైన వ్యవహారము. 1956లో ఐ.బి.ఎం. కంపెనీవారు 'రామాక్' అను యంత్రముతో కూడ మొట్టమొదటి డిస్కు నిల్వను అమ్మకమునకు తెచ్చిరి. రెండడుగుల వ్యాసముగల పళ్ళెములు 50 ఒకే ఇరుసు మీద తిరుగుచుండెడివి. బరువు ఒక టన్నుకు పైన. ఇంత చేసి అది దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము అంత స్థలమును ఆక్రమించును. ఇట్టి యంత్రమును ఒక్కొక్కరు కొనుట అసంభవము గనుక, ఒకే యంత్రమును పలువురు పంచుకొను ఉపాయమును వెదకవలసివచ్చినది.

1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.) శతవార్షికోత్సవ ఉపన్యాసములలో జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు, టెలిఫోనువలె గణనశక్తి కూడ ఒకనాడు ప్రజలకు అద్దెకిచ్చు సదుపాయము కావచ్చునని చెప్పెను. ఆ సంవత్సరము నవంబరులోనే అదే సంస్థలో ఫెర్నాండో కార్బటో బృందము 'సి.టి.ఎస్.ఎస్.' అను కాలవిభజన పద్ధతిని ప్రదర్శించినది. ఒకే కంప్యూటరు క్షణములో కొంత భాగము ఒకనికి, మరికొంత భాగము వేరొకనికి పనిచేయుచుండగా, ఎవనికి వాడు యంత్రమంతయు తనదే అనుకొనుచుండెను. కొలది కాలములోనే ఒక్కొక్కరి ఫైళ్ళు అచటి డిస్కు మీద వేరువేరుగా నిలువయుండు ఏర్పాటు వచ్చినది. ఎవరి ఫైళ్ళు వారికే తెరుచుకొనునట్లు ఒక్కొక్కరికి ఒక రహస్యపదమును, అనగా పాస్‌వర్డును, ఇచ్చిరి. పేరు పెట్టకపోయినను క్లౌడు నిల్వ లక్షణములన్నియు ఇందులో ఉన్నవి.

దాని చిక్కులును అప్పుడే మొదలైనవి. అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటల యంత్రకాలము మాత్రమే కేటాయింపబడినది. అది చాలక, 1962లో ఆయన ఒక ఉపాయము పన్నెను. కావలసిన ఫైలు పేరును రంధ్రములు గల కార్డు మీద గుర్తించి శుక్రవారము రాత్రి అప్పగించినచో, మరునాటికి ఆ ఫైలు అచ్చయి సిద్ధముగా ఉండెడిది. ఆయన అడిగిన ఫైలు అందరి పాస్‌వర్డుల పట్టిక. అదియు తప్పక అచ్చయి వచ్చినది! మరికొన్ని సంవత్సరములకు ఇంకొక వింత జరిగినది. నిర్వాహకులిద్దరు ఒకే సమయమున రెండు ఫైళ్ళను సవరించుచుండగా, వాటి తాత్కాలిక ప్రతులకు ఒకే పేరు ఉండుటచేత అవి తారుమారైనవి. ఆ దినము యంత్రము వద్దకు వచ్చిన ప్రతివానికిని, స్వాగత సందేశమునకు బదులుగా అందరి పాస్‌వర్డులును దర్శనమిచ్చినవి. ఈ ఉదంతమును కార్బటో తన ట్యూరింగు పురస్కారోపన్యాసములో స్వయముగా చెప్పెను. ఇందులో ద్రోహి ఎవడును లేడు. పలువురి తాళపుచెవులు ఒకే చోట వ్రేలాడదీసినచో ఒక్క పొరపాటు అందరి తలుపులను తెరచునని మాత్రము తెలిసినది.

ఆ బృందమువారు వేరొక సంగతిని కూడ శ్రద్ధగా ఆలోచించిరి. డిస్కు పాడైనచో అందరి ఫైళ్ళును పోవును గదా? 1965లో రాబర్టు డేలీ, పీటర్ న్యూమన్ అనువారు 'మల్టిక్స్' అను తరువాతి పద్ధతికై వ్రాసిన పత్రములో, క్రొత్తగా మారిన ఫైళ్ళను ఎప్పటికప్పుడు అయస్కాంతపు టేపు మీదికి ఎక్కించు పద్ధతిని వివరించిరి. డిస్కు ఒక జాతి వస్తువు, టేపు ఇంకొక జాతి వస్తువు. టేపును తీసి వేరొక గదిలో పెట్టవచ్చును. ఈ విషయము ముందుముందు మిక్కిలి అవసరమగును.

1980లలో వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చి ఈ చరిత్రను కొంతకాలము వెనుకకు త్రిప్పినవి. ఫైళ్ళు బల్లమీది యంత్రములోనికి, జేబులోని ఫ్లాపీలోనికి వచ్చినవి. స్వాతంత్ర్యము పెరిగినది, దానితో పాటు నష్టమును పెరిగినది. ఒక హార్డ్ డిస్కు చెడినపుడు సంవత్సరముల కృషి పోగొట్టుకొనని కార్యాలయము అరుదు. విశ్వవిద్యాలయములకు ఇంకొక ఇబ్బంది కలదు. విద్యార్థి నేడు ఒక గదిలోని యంత్రము ముందు, రేపు వేరొక గదిలోని యంత్రము ముందు కూర్చుండును. అతని ఫైళ్ళు అతనిని వెంబడించుట ఎట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో ముఖ్యుడు మన దేశమున చదివినవాడే. మద్రాసు ఐ.ఐ.టి. పట్టభద్రుడైన మహదేవ్ సత్యనారాయణన్ అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో 'ఆండ్రూ' అను ఫైళ్ళ వ్యవస్థ నిర్మాతలలో ఒకడు. అందులో ఫైలు కేంద్రపు యంత్రములో ఉండును. విద్యార్థి దానిని తెరచినపుడు పూర్తి ప్రతి అతని యంత్రములోనికి వచ్చును. అతడు మార్చి మూసినపుడు ఆ మార్పు కేంద్రమునకు పోవును. 1987లో ఆయన ఆరంభించిన 'కోడా' అను వ్యవస్థ ఇంకొక మెట్టు ఎక్కినది. తీగె తెగిపోయినను దగ్గరనున్న ప్రతితో పనిచేసికొనవచ్చును, సంబంధము తిరిగి కుదిరినపుడు రెండు ప్రతులును సరిచూచుకొనును. ఈలోగా ఇద్దరు ఒకే ఫైలును రెండు విధములుగ మార్చినచో ఏది నిలువవలెను? యంత్రము దానిని తేల్చలేని సందర్భములుండును. అపుడు ఆ తగవును మనుష్యుడే తీర్చవలెను. నేటికిని ఒక ఫైలు ప్రక్కన దాని పేరుతోనే 'వైరుధ్య ప్రతి' అని ఇంకొకటి ప్రత్యక్షమగుటకు ఇదియే కారణము.

2003లో గూగుల్ కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు తమ నిల్వ పద్ధతిని ఒక పత్రములో ప్రకటించిరి. యంత్రములు చెడుట అపురూపము కాదు, నిత్యకృత్యము అను భావము దానికి పునాది. చౌకబారు యంత్రములను వేలకొలదిగ తెచ్చి, ఫైళ్ళను 64 మెగాబైట్ల తునకలుగా కోసి, ఒక్కొక్క తునకకు మూడు ప్రతులు మూడు వేరువేరు యంత్రములలో ఉంచిరి. ఒకటి చెడినచో మిగిలిన రెండింటి నుండి మూడవదానిని తిరిగి తయారుచేసికొందురు.

మూడు ప్రతులు ఏల చాలునో తరగతిలో సులభముగా చెప్పవచ్చును. చెడిన డిస్కును మార్చుటకు పట్టు వ్యవధిలో ఒక డిస్కు పాడగు సంభావ్యత నూటికి ఒకటి అనుకొందము. ఇది ఉదాహరణకు చెప్పిన సంఖ్య మాత్రమే. అపుడు మూడును ఒకేసారి పాడగు సంభావ్యత నూరు, నూరు, నూరు హెచ్చించగా వచ్చిన పది లక్షలకు ఒకటి. ఇల్లాలు నగలను మూడు పెట్టెలలో సర్దినట్లు కాక, ఒకే నగకు మూడు నకళ్ళు చేయించినట్లున్నది ఈ పద్ధతి. ఫైలుకు నకలు అసలుతో సమానము గనుక ఇది చెల్లును. అయితే ఈ హెచ్చవేత ఒక నిబంధన మీద ఆధారపడి ఉన్నదని గణితోపాధ్యాయులు వెంటనే గుర్తింతురు. ఆ మూడును 'స్వతంత్ర ఘటనలు' కావలెను. ఒకటి పాడగుటకును ఇంకొకటి పాడగుటకును సంబంధము ఉండరాదు. మూడు డిస్కులును ఒకే గదిలో ఉండి ఆ గది తగులబడినచో, సంభావ్యత పది లక్షలకు ఒకటి కాదు, గది తగులబడు సంభావ్యత ఎంతయో అంతయే.

మూడు ప్రతులకు మూడింతల చోటు కావలెను. దానిని తగ్గించుటకు 1960లోనే ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అను గణితజ్ఞులు ఒక మార్గము చూపిరి. దాని సారమును ఇట్లు ఊహింపవచ్చును. ఒక పెట్టెలో 7, రెండవదానిలో 5 దాచవలెను. మూడవ పెట్టెలో వాటి మొత్తము 12ను ఉంచెదము. రెండవ పెట్టె పోయినచో 12 నుండి 7 తీసివేయగా 5 దొరకును. మొదటిది పోయినచో అట్లే 7 దొరకును. రెండింటికి రెండు నకళ్ళు చేయకుండ ఒక్క అదనపు పెట్టెతో ఏ ఒక్కటి పోయినను పూడ్చుకొనగలిగితిమి. రీడ్, సాలమన్‌ల పద్ధతి ఈ కూడికను బహుపదుల సాయముతో విస్తరించినది. బ్యాక్‌బ్లేజ్ అను అమెరికా కంపెనీ 2015లో ప్రకటించిన ఏర్పాటులో ఒక ఫైలు 17 తునకలగును, వాటికి 3 అదనపు తునకలు చేరును. ఇరువదియు ఇరువది యంత్రములలో ఉండును, వాటిలో ఏ పదునేడు మిగిలినను ఫైలు తిరిగి వచ్చును. మూడు యంత్రములు ఒకేసారి పోయినను భయము లేదు, అదనపు చోటు ఆరవ వంతుకు కొంచెము మాత్రమే ఎక్కువ. ముద్దులొలుకు గణితము! కాని ఆ ఇరువది యంత్రములును ఒకే డేటా సెంటరులోని వేరువేరు చట్రములలో ఉండునవి.

2006 మార్చిలో అమెజాన్ కంపెనీ ఇట్టి నిల్వను ఎవరికైనను అద్దెకిచ్చుట ప్రారంభించెను. దాని పేరు ఎస్-3, అద్దె ఒక గిగాబైటుకు నెలకు 15 సెంట్లు. ఏటేటా ఫైలు పోకుండ నిలుచు అవకాశము 99.999999999 శాతము ఉండునట్లు దానిని రూపొందించితిమని ఆ కంపెనీ తరువాత చెప్పినది. అనగా పదివేల ఫైళ్ళు దాచినవాడు సగటున కోటి సంవత్సరములకు ఒకటి పోగొట్టుకొనును. ఈ లెక్క తప్పు కాదు గాని, ఇందులో డిస్కులు పాడగుట మాత్రమే లెక్కకు వచ్చును. చేయి జారి తుడిచివేసిన ఫైలు, కట్టని అద్దె, మూతపడిన కంపెనీ, న్యాయస్థానపు ఉత్తరువు, ఇవి ఆ తొమ్మిదులలో చేరవు.

సామాన్యుని ముంగిటికి ఈ సేవను తెచ్చినది డ్రాప్‌బాక్స్. డ్రూ హూస్టన్ అను ఎం.ఐ.టి. విద్యార్థి బోస్టను నుండి న్యూయార్కు పోవు బస్సు ఎక్కి, తన ఫైళ్ళున్న యు.ఎస్.బి. పుల్లను ఇంట మరచినట్లు తెలిసికొని, ఆ విసుగుతో బస్సులోనే దీని రచనకు పూనుకొనెనని ఆయనయే చెప్పియున్నాడు. అరాష్ ఫర్దౌసితో కలిసి 2007లో కంపెనీ స్థాపించెను. 2008లో అది ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. ఒక సంచి వంటి ఫోల్డరులో వేసిన ఫైలు, ఆ మనుష్యుని యంత్రములన్నిటిలోను ఒకేవిధముగ కనబడును. మార్చిన తునకలు మాత్రమే ప్రయాణము చేయును. 2011లో యాపిల్ ఐక్లౌడు, 2012లో గూగుల్ డ్రైవు వచ్చినవి. మైక్రోసాఫ్టు సేవ 2007 నుండియే ఉండి, 'స్కైడ్రైవు' అను పేరు మీద బ్రిటనులో వ్యాజ్యము వచ్చుటచే 2014లో 'వన్‌డ్రైవు' అయినది.

వీటి మేలును తక్కువ చేయరాదు. ఫోను నీళ్ళలో పడినను పిల్లల ఛాయాచిత్రములు మిగులును. నలుగురు ఉపాధ్యాయులు నాలుగు ఊళ్ళ నుండి ఒకే ప్రశ్నపత్రమును దిద్దవచ్చును. తన యింట మూడు డిస్కులు పెట్టి, చెడినదానిని గుర్తించి మార్చు ఓపిక ఎందరికి కలదు? మనదేశమున 2015లో ప్రభుత్వము ప్రారంభించిన డిజిలాకరు వలన పరీక్షా యోగ్యతాపత్రము పోయినవాడు దానికై కార్యాలయముల చుట్టు తిరుగు శ్రమ చాలవరకు తగ్గినది.

కాని చాలమంది ఒక భ్రమలో ఉన్నారు. అన్ని యంత్రములలోను ఒకేవిధముగ కనబడుట ఒకటి, భద్రమైన వేరు ప్రతి ఉండుట ఇంకొకటి. మొదటిదానిని సింక్ అందురు, రెండవది బ్యాకప్. సింక్ నమ్మకమైన సేవకునివంటిది. ఫైలును వ్రాసినచో అన్ని చోట్ల వ్రాయును, తుడిచినచో అన్ని చోట్ల తుడుచును. దుండగులు పంపిన వైరసు ఒక యంత్రములోని ఫైళ్ళను చదువరాని గీతలుగా మార్చినచో, ఆ గీతలనే శ్రద్ధగా మిగిలిన యంత్రములకు చేరవేయును. చెత్తబుట్టలో ఫైలు ఉండు గడువు సామాన్యముగా 30 దినములు. వేసవి సెలవులకు ముందు పొరపాటున తుడిచిన పట్టిక కొరకు జూనులో వెదకువానికి ఆ గడువు చాలదు.

తాళపుచెవి ప్రశ్న కూడ ఎం.ఐ.టి. నాటి నుండి వెంటాడుచునే ఉన్నది. 2011 జూను 19న డ్రాప్‌బాక్స్‌లో చేసిన ఒక మార్పు బెడిసికొట్టి, సుమారు నాలుగు గంటలసేపు ఎవరి ఖాతానైనను ఏ పాస్‌వర్డుతోనైనను తెరచుటకు వీలైనది. కంపెనీవారు మాత్రమే కాక ప్రభుత్వములును తలుపు తట్టును. ఐర్లండులోని యంత్రములో ఉన్న ఒక ఉత్తరమును అప్పగింపుమని 2013లో అమెరికా ప్రభుత్వము మైక్రోసాఫ్టును అడుగగా, ఆ వ్యాజ్యము ఆ దేశపు సుప్రీంకోర్టు వరకు పోయినది. 2018లో చేసిన చట్టముతో అది ముగిసినది. అమెరికా కంపెనీ తన అధీనములోని సమాచారము ఏ దేశమున ఉన్నను చట్టబద్ధముగ అడిగినపుడు ఇయ్యవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. 2022 నవంబరులో అమెజాన్ కంపెనీ హైదరాబాదులో తన డేటా సెంటర్ల సముదాయమును ప్రారంభించెను, 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నమునకు పెద్ద ప్రణాళికను ప్రకటించెను. మన ఫైలు మన ఊరిలోనే ఉన్నదను సంతోషము ఉండవచ్చును. అయినను తాళపుచెవి ఏ దేశపు కంపెనీ చేతిలో ఉన్నదను ప్రశ్న అట్లే ఉండిపోవును.

దీనికి గణితజ్ఞుల విరుగుడు కలదు. ఫైలును పంపకముందే గూఢలిపిలోనికి మార్చి, చెవిని యజమానియే ఉంచుకొనుట. 2022 డిసెంబరులో యాపిల్ ఇట్టి ఏర్పాటును అమెరికాలో ఐక్లౌడుకు చేర్చెను. బ్రిటిషు ప్రభుత్వము పట్టుబట్టిన పిమ్మట 2025 ఫిబ్రవరిలో ఆ దేశములో క్రొత్తవారికి నిలిపివేసెను. ఈ పద్ధతిలో యజమాని చెవిని పోగొట్టుకొన్నచో ఫైలును ఏ కంపెనీయు తెరచి ఇయ్యలేదు. అందరును దీనికి సిద్ధపడరు, పడకపోవుటలో తప్పును లేదు.

అద్దె యింటికి యజమాని షరతులు మార్చుటయు సహజమే. 2015లో గూగుల్ ఛాయాచిత్రములను ఉచితముగా ఎన్నియైనను దాచుకొనుడనెను, 2021 జూను 1 నుండి ఆ మాటను వెనుకకు తీసికొనెను. విద్యాసంస్థలకు ఇచ్చిన హద్దులేని చోటు 2022లో సంస్థకు మొత్తము 100 టెరాబైట్లకు కుదించెను. దానిని నమ్మి పరిశోధన సామగ్రినంతయు అందులో పోసిన విశ్వవిద్యాలయములు తుడుచుటకు ఏది, దాచుటకు ఏది అని ఏరుకొనవలసివచ్చినది. అమెజాన్ తన 'డ్రైవు' సేవను 2023 డిసెంబరు 31న మూసివేసెను, ముందుగా చెప్పియే మూసినది గనుక మెలకువగా ఉన్నవారు తమవి తెచ్చుకొనిరి. మెగాఅప్‌లోడ్ వాడుకదార్లకు అదియు దక్కలేదు. 2012 జనవరి 19న, చౌర్యపు చలనచిత్రములను పంచుచున్నదను అభియోగము మీద, అమెరికా ప్రభుత్వము దానిని మూయించెను. స్వంత ఫైళ్ళు దాచుకొన్న నిర్దోషులకు కూడ తలుపు మూతపడినది. మరుసటి సంవత్సరము నెదర్లాండ్సులోని ఒక కంపెనీ తనవద్ద దానికి కేటాయించిన 630 సర్వర్లను తుడిచివేసెను.

ఇక డిస్కుల స్వాతంత్ర్యమును గూర్చిన గణితపు నిబంధన వద్దకు వత్తము. ఇటీవలి మూడు సంఘటనలు దానిని మూడు విధముల పరీక్షించినవి.

2021 మార్చి 10న, తెల్లవారకముందే, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓ.వి.హెచ్. కంపెనీవారి అయిదంతస్తుల డేటా సెంటరు పూర్తిగా కాలిపోయినది. ప్రాణనష్టము లేదు. లక్షలకొలది వెబ్‌సైట్లు నిలిచిపోయినవి. తమకు బ్యాకప్ ఉన్నదని ధైర్యముగా ఉన్న కొందరు ఖాతాదార్లకు, ఆ బ్యాకప్ కూడ అదే భవనములో ఉండెనని అప్పుడు తెలిసినది.

2024 మే నెలలో ఆస్ట్రేలియాలోని యూనీసూపర్ అను పింఛను నిధికి నిప్పు లేకుండనే అగ్నిప్రమాదము జరిగినది. ఆరు లక్షలకు పైగా సభ్యులుగల ఆ సంస్థ తన సమాచారమును గూగుల్ క్లౌడులో రెండు వేరు ప్రాంతములలో ఉంచినది. భవనములు స్వతంత్రములే. కాని రెండింటికిని ఖాతా ఒక్కటే. ఆ ఖాతాను మొదట నెలకొల్పునపుడు గూగుల్ ఉద్యోగి ఒక గడిని ఖాళీగా వదలుటచే, గడువు తీరగానే యంత్రము తనంతట తానే రెండు చోట్లను తుడిచివేసినది. సభ్యులు వారము దినములు తమ ఖాతాలు చూచుకొనలేకపోయిరి. తొలగింపునకు లోనుగాక విడిగా నిలిచిన బ్యాకప్ ప్రతులు ఆదుకొన్నవి. వాటిలో వేరొక సంస్థ వద్ద ఉంచినవియు ఉన్నవి.

మూడవది 2025 సెప్టెంబరు 26 రాత్రి దక్షిణ కొరియాలో జరిగినది. డేజాన్ నగరములోని జాతీయ సమాచార వనరుల కేంద్రములో అయిదవ అంతస్తున, లిథియం బ్యాటరీలను తరలించు పనులు జరుగుచుండగా నిప్పు అంటుకొన్నది. లిథియం బ్యాటరీ ఒకటి మండినచో దాని వేడి ప్రక్కదానిని మండించును. అందుచేత మంటను పూర్తిగ చల్లార్చుటకు ఇంచుమించు ఒక దినము పట్టినది. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయినవి, వాటిలో 96 నేరుగా కాలిపోయినవి. కాలిపోయినవాటిలో 'జి-డ్రైవు' ఒకటి. అది 2018 నుండి ప్రభుత్వోద్యోగులకు ఏర్పరచిన క్లౌడు నిల్వ. ఒక్కొక్కరికి 30 గిగాబైట్ల చోటు, వాడుచున్నవారు సుమారు 1,25,000 మంది. స్వంత కంప్యూటర్లలో ఉంచినచో ఫైళ్ళు పోవుననియు, బయటకు పొక్కుననియు తలచి, అందులోనే దాచుకొనుడని ఉద్యోగులను కోరియుండిరి. సిబ్బంది వ్యవహారముల మంత్రిత్వ శాఖ అన్ని పనిపత్రములను అందులోనే ఉంచవలెనని నియమము పెట్టినది.

అందులో ఉన్నది 858 టెరాబైట్లు. ఇతర వ్యవస్థలలో అనేకమునకు బయట ప్రతులున్నవి. జి-డ్రైవు పరిమాణము మిక్కిలి పెద్దదగుటచే దానికి బయట ప్రతి ఉంచలేదని అధికారులు చెప్పిరి. ఆ కేంద్రము లోపల డిస్కులకు డిస్కులు తోడుండెనేమో గాని, ఊరు దాటిన ప్రతి ఒక్కటియు లేదు. 858 టెరాబైట్లు అనగా ఎంత? నేడు బజారులో 20 టెరాబైట్ల డిస్కు దొరకును. అట్టివి 43 ఉన్నచో చాలును. ఒక ఇనుప బీరువాలో పట్టును.

ఆ నియమమును ఖచ్చితముగా పాటించిన శాఖకే ఎక్కువ నష్టము కలిగినది. ఆజ్ఞను అంతగా లెక్కచేయక తన యంత్రములో ఒక ప్రతి ఉంచుకొన్న ఉద్యోగి ఫైలు దక్కినది. పై అధికారుల ఆమోదము పొందిన పత్రములు వేరొక వ్యవస్థలో ఉండుటచే అవియు చాలవరకు మిగిలినవి. మిగిలినవాటి కొరకు ఆ శాఖవారు ఉద్యోగుల కంప్యూటర్లలో ఇటీవల చేరిన ఫైళ్ళను, ఒకరికొకరు పంపుకొన్న ఈమెయిళ్ళను, బీరువాలలోని అచ్చుకాగితములను వెదకి, దొరికినదానిని దొరికినట్లు కూర్చుటకు పూనుకొనిరి.